జామాయిల్, సుబాబుల్ కర్ర లోడింగ్‌కు బ్యాక్‌హోకు ఏ రకం గ్రాపుల్ పెట్టాలె?

హాలియా కట్టె డిపో:

అన్నలందరికీ నమస్తే. మాది కట్టె వ్యాపారం. హాలియా, పెద్దవూర, దేవరకొండ చుట్టుపక్కల రైతుల తోటలు కొని, నరికించి, లారీలకు ఎక్కించి పంపిస్తం. లోడింగ్‌కు హమాలీలు దొరకడం కష్టమైంది. అందుకని ఉన్న బ్యాక్‌హో లోడర్ (ముందు బకెట్, వెనక తవ్వే చేయి ఉన్న మిషన్) వెనక చేతికి గ్రాపుల్, అంటే కర్రను పట్టి ఎత్తే పంజా, పెట్టిద్దామనుకుంటున్నం.

సరుకు రెండు రకాలు. ఎక్కువ భాగం పేపర్ మిల్లుకు పోయే సుబాబుల్, జామాయిల్. తొక్క తీసి రెండున్నర మీటర్ల ముక్కలు కొట్టిస్తం, లావు 2 అంగుళాల నుంచి 8 అంగుళాల దాకా. మిగిలింది సామిల్లు సరుకు: వేప, తుమ్మ, మామిడి మొద్దులు, 8 నుంచి 10 అడుగుల పొడవు, చుట్టుకొలత 4 నుంచి 6 అడుగులు.

స్క్రాప్ ఎత్తే ఐదు వేళ్ల పంజా సెకండ్ హ్యాండ్‌ల దొరుకుతది, అది తీసుకోమని ఒకాయన అంటడు. చెరకు లోడర్ గ్రాబ్ చాలు, తేలికగ ఉంటదని ఇంకొకాయన. మూడోది, రెండు పక్కల వేళ్లు ఒకదాన్నొకటి దాటి మూసుకునే కర్ర గ్రాపుల్. మిషన్‌కు బ్రేకర్ (రాయి పగలగొట్టే సుత్తి) కోసం వేసిన ఆయిల్ లైన్ ఉంది, దానితోనే నడుస్తదా? గ్రాపుల్ను గుండ్రంగ తిప్పే రోటేటర్ తప్పనిసరా? సైజు ఎట్ల లెక్కేయాలె? ఇక్కడి వెల్డింగ్ షాపుల 12 మి.మీ. ప్లేటుతో చేసిస్తమంటున్నరు, చేయించుకోవచ్చా? తెలిసినోళ్లు జర వివరంగ చెప్పండి.

మిర్యాలగూడ ఆపరేటర్:

అన్నా, ముందు ఐదు వేళ్ల పంజా ఆలోచన పక్కన పెట్టండి. దాని వేళ్లు చుట్టూ నుంచి మధ్యకు మూసుకుంటయి. స్క్రాప్, బండరాళ్లు, వేర్లతో పెకిలించిన మొద్దులు, సర్కారు తుమ్మ కంప, ఇట్ల అడ్డదిడ్డంగ ఉండే సరుకుకు అది మంచిది. రెండున్నర మీటర్ల కర్రలైతే వేళ్ల సందుల్లోంచి రెండు దిక్కులా బయటికి పొడుచుకొస్తయి, మిగతా వేళ్లను పూర్తిగ మూసుకోనియ్యవు. పట్టు మొత్తం కట్ట నడుమ ఒక్క చోటే పడుతది. ఎత్తంగనే కట్ట ఒక పక్కకు ఒరుగుతది, నడుమ ఉన్న సన్న కర్రలు జారి పడతయి. ఎంత చవకగ వచ్చినా మీ పనికి కాదు.

చెరకు గ్రాబ్ వేళ్లు పొడుగ్గ, సన్నగ ఉంటయి, నోరు పెద్దది. చెరకు తేలిక, నొక్కితే అణుగుతది, కాబట్టి దానికి అది సరిపోతది. సన్న సుబాబుల్‌ను కూడ ఎత్తుతది. 6 అడుగుల చుట్టుకొలత వేప మొద్దు మీద మాత్రం బరువంతా ఒకటి రెండు వేళ్ల కొసల మీద పడుతది, వేలు పక్కకు వంగుతది. వంగిన వేలును గ్యాస్‌తో ఎర్రగ కాల్చి సాపు చేస్తే ఆ చోట ఇనుము మెత్తబడుతది, మళ్లీ అక్కడ్నే వంగుతది.

ఇగ కర్ర గ్రాపుల్‌లల్లనే రెండు రకాలున్నయి, మీరు తేల్చుకోవాల్సింది ఈ రెండింటి మధ్యనే.

ఒకటి దాటిపోయే రకం. ఒక పక్క రెండు వేళ్లు, ఇంకో పక్క మూడు. మూసినప్పుడు రెండు వేళ్లు మూడింటి సందుల్లకు పోతయి. 3 అంగుళాల ఒంటి కర్రను సుత గట్టిగ పట్టుకుంటది. కొసలు సన్నగ ఉంటయి కాబట్టి కుప్పల సులువుగ దిగుతయి. మొద్దు ఎంత లావున్నా సగం దాటి కిందికి వేళ్లు పోతే చాలు, పట్టు దొరుకుతది.

రెండోది అంచులు కలిసే రకం. రెండు వెడల్పు రెక్కలు, మూస్తే అంచు అంచుకు తగులుతది, లోపల గుండ్రంగ ఖాళీ ఉంటది. పొట్టి కర్రలను ప్రతిసారీ ఒకే సైజు కట్టలుగ ఎత్తడానికి దీన్ని మించింది లేదు. పక్క కర్రలను వెంట ఈడ్చుకురాదు, కాబట్టి లారీల పేర్పు నీటుగ వస్తది. కానీ ఒంటి సన్న కర్ర దీంట్ల వదులుగ ఊగుతది. నేల మీద నేరుగ పరిచిన కర్ర కింద దూరుస్తే వెడల్పు అంచు మట్టిని, గులకరాళ్లను సుత తోడుకొస్తది. మట్టి, రాయి అంటిన కర్ర మిల్లుల చిప్పర్ (కర్రను ముక్కలు చేసే మిషన్) బ్లేడ్లను తినేస్తది, మిల్లోళ్లు పేచీ పెడతరు. ఈ రకం వాడేవాళ్లు కుప్ప కింద రెండు అడ్డ కర్రలు వేసి సరుకును నేల నుంచి లేపి పెట్టాలె.

మీకు రెండు రకాల సరుకు ఉంది కాబట్టి దాటిపోయే రకం, 2+3 వేళ్లది తీసుకోండి. మొత్తం పేపర్ మిల్లు కర్రే అయ్యుంటే రెండో రకం చెప్పేవాణ్ని.

ఇంకో మాట. తొక్క తీసిన పచ్చి కర్ర రసంతోని జారుతది. దాన్ని నొక్కి పట్టుకుందామంటే కుదరదు, చుట్టి పట్టుకోవాలె. కట్ట నిండుగ ఉండి, వేళ్లు కట్ట కిందికి వచ్చి మూసుకుంటే జారదు. సగం కట్టను పట్టి ఎత్తితే లోపలి కర్రలు పొడవునా జారి ఈటెల్లెక్క బయటికొస్తయి. లోడింగ్ అప్పుడు మనిషిని దగ్గర నిలబెట్టొద్దనేది ఇందుకే.

జడ్చర్ల హైడ్రాలిక్స్:

బ్రేకర్ లైన్ గురించి రాస్తున్న, ఎందుకంటే ఎక్కువ గ్రాపుల్‌లు ఇక్కడ్నే ఆగిపోతయి.

బ్రేకర్‌కు ఆయిల్ ఒక్క దిక్కే పోతది. ఒక పైపుల ప్రెషర్ వస్తది, రెండో పైపుల ఆయిల్ ట్యాంకుకు పోతది. గ్రాపుల్ సిలిండర్‌కు మూయడానికి ఒక దిక్కు, తెరవడానికి ఇంకో దిక్కు ప్రెషర్ కావాలె. బ్రేకర్ లైన్‌కు నేరుగ కలిపితే మూసుకుంటది, మళ్ల తెరుచుకోదు. కొందరు రిటర్న్ పైపుల ప్రెషర్ పంపేటట్టు వాల్వును మారుస్తరు, అది ప్రమాదం. రిటర్న్ పైపు, దాని ఫిట్టింగులు తక్కువ ప్రెషర్‌కు వేసినవి, 180 బార్ పడితే పగులుతయి.

సరైన పద్ధతి ఏందంటే, బ్రేకర్ లైన్‌ను ప్రెషర్, ట్యాంకు లైన్లుగనే ఉంచి, డిప్పర్ (వెనక చేతి కొస భాగం) మీద రెండు సెక్షన్ల సోలినాయిడ్ వాల్వు (కరెంటు బటన్తో నడిచేది) బిగించాలె. ఒక సెక్షన్ గ్రాపుల్ సిలిండర్‌కు, రెండోది రోటేటర్‌కు. మీ మిషన్ బ్యాటరీ 12 వోల్టులైతే కాయిల్ కూడ 12దే. పెద్ద ఎక్స్‌కవేటర్లు 24 వోల్టులు, వాటి నుంచి విప్పిన వాల్వు తెస్తే కాయిల్ చూసుకోండి. బటన్లు లీవరు నాబ్ మీద పెట్టించుకుంటే చెయ్యి లీవరు వదలకుండ పని అయితది.

వాల్వు కొనేటప్పుడు అడగాల్సింది: ఓపెన్ సెంటరా, క్లోజ్డ్ సెంటరా? గేర్ పంపు ఉన్న మిషన్‌కు ఓపెన్ సెంటర్ కావాలె, అంటే బటన్ వదిలితే ఆయిల్ తేలికగ ట్యాంకుకు తిరిగిపోవాలె. క్లోజ్డ్ సెంటర్ పెట్టి బ్రేకర్ లైన్ ఆన్ చేసి ఉంచితే ఆయిల్ మొత్తం రిలీఫ్ వాల్వు (ప్రెషర్ హద్దు దాటితే ఆయిల్ను ట్యాంకుకు వదిలేది) మీదుగ పోతది, అరగంటల ట్యాంకు ముట్టుకోలేనంత వేడెక్కుతది. ఎండాకాలం నల్లగొండల 44 డిగ్రీలు ఉన్న రోజు ఇది ఇంకా త్వరగ అయితది. ఆయిల్ 80 డిగ్రీలు దాటితే పల్చబడి గ్రాపుల్ పట్టు సడలుతది, సీళ్లు గట్టిపడి లీకులు మొదలైతయి.

పట్టు, వేగం లెక్క చూడండి. 80 మి.మీ. బోరు, 300 మి.మీ. స్ట్రోకు సిలిండర్ల ఒకటిన్నర లీటర్ ఆయిల్ పడుతది. నిమిషానికి 40 లీటర్లు వస్తే రెండుంబావు సెకన్లల మూసుకుంటది, 20 లీటర్లు వస్తే నాలుగున్నర సెకన్లు. 180 బార్ దగ్గర అదే సిలిండర్ 9 టన్నుల పైన తోస్తది. అయితే రాడ్ బయటికి వచ్చేటప్పుడు గ్రాపుల్ మూసుకునేటట్టు సిలిండర్ ఉండాలె. రాడ్ లోపలికి పోయేటప్పుడు మూసుకునే డిజైన్‌ల రాడ్ మందం మేరకు బలం తగ్గుతది, 40 మి.మీ. రాడ్ అయితే నాలుగో వంతు పోయినట్టే.

సిలిండర్ మీదనే పైలట్ చెక్ వాల్వు ఉండాలె. ఇది ఖర్చు కోసం తీసేసేది కాదు. హోస్ పగిలినా, ఇంజిన్ ఆగినా మూసిన గ్రాపుల్ మూసే ఉంటది. హోస్‌కు అవతల, వాల్వు బ్లాక్ దగ్గర పెడితే లాభం లేదు, సిలిండర్ ఒంటికే బిగించాలె.

రోటేటర్‌కు మీ పంపు ఇచ్చే మొత్తం ఆయిల్ అక్కర్లేదు. నిమిషానికి సుమారు 20 లీటర్లు చాలు, కొనే రోటేటర్ ప్లేటు మీద ఎంతుందో చూసి ఫ్లో కంట్రోల్ పెట్టండి. లేకుంటే కర్ర గిర్రున తిరిగి లారీ క్యాబిన్‌కు తగులుతది.

పాత బ్రేకర్ లైన్‌ల ఇనుప రజను, నల్ల మడ్డి ఉంటది. వాల్వు బిగించే ముందు రెండు పైపుల కొసలు ఒక ఫిల్టర్ ద్వారా కలిపి పది నిమిషాలు ఆయిల్ తిప్పండి. సోలినాయిడ్ స్పూల్‌ల చిన్న రజను ఇరుక్కున్నా బటన్ వదిలినంక గ్రాపుల్ కదులుతనే ఉంటది.

కల్వకుర్తి సామిల్లు:

నా అభిప్రాయం కొంచెం వేరు. లావు మొద్దులకు గ్రాపుల్ కొనకండి. బకెట్‌కు ఎదురుగా డిప్పర్ కింద హైడ్రాలిక్ బొటనవేలు పెట్టించుకోండి. బకెట్ సిలిండర్ బలమే పట్టుగా పనికొస్తుంది, రోటేటర్ ఉండదు, ఖర్చు తక్కువ, తవ్వకం పనికి బకెట్ అలాగే ఉంటుంది. రోజుకు పది మొద్దులు ఎత్తే చోట ఇది చాలు. సన్న కర్రల కట్టలకు మాత్రం పనికిరాదు, బకెట్ పళ్ల సందుల్లోంచి జారిపోతాయి.

అసలు చెప్పాలనుకున్నది బరువు సంగతి. మన దగ్గర దుంగను చుట్టుకొలతతో కొలుస్తాం: చుట్టుకొలతలో నాలుగో వంతును దానితోనే గుణించి, పొడవుతో గుణించి సీఎఫ్టీ (ఘనపుటడుగులు) రాస్తాం. 6 అడుగుల చుట్టుకొలత, 10 అడుగుల పొడవు ఉన్న వేప మొద్దుకు ఒకటిన్నర గుణించు ఒకటిన్నర గుణించు పది, అంటే 22.5 సీఎఫ్టీ. ఈ పద్ధతి చెక్క కోతలో పోయే వేస్టును ముందే తీసేసి కొలుస్తుంది. మొద్దు అసలు ఘనపరిమాణం అంతకు 1.27 రెట్లు, అంటే 28.6 సీఎఫ్టీ, సుమారు 810 లీటర్లు. పచ్చి వేప ఘనమీటరుకు 900 నుంచి 1000 కిలోలు లెక్కేసుకుంటే ఆ ఒక్క మొద్దు 730 నుంచి 810 కిలోలు తూగుతుంది. 22.5 సీఎఫ్టీ అనుకుని బరువు లెక్కేసిన వాళ్లు 570 నుంచి 640 కిలోలే అనుకుంటారు. మిషన్ ముందుకు తూలేది ఇలాంటి లెక్కతోనే. ఎత్తే లెక్కకు అడితి పుస్తకంలోని సీఎఫ్టీని 1.27తో గుణించి వాడండి.

ఇంకొకటి, వేప, తుమ్మ, టేకు లాంటివి నరికించే ముందు అటవీ శాఖ అనుమతి, రవాణా పర్మిట్ అవసరమా లేదా అని మీ రేంజ్ ఆఫీసులో అడిగి పెట్టుకోండి. లారీ నిండినంక చెక్‌పోస్టు దగ్గర ఆపితే దించడం, మళ్లీ ఎక్కించడం రెండింతల పని.

నల్లగొండ ఫ్యాబ్రికేషన్:

12 మి.మీ. ప్లేటు చాలుతుందా అనే ప్రశ్నకు జవాబు ప్లేటు మందంలో లేదు. వేలు వంగకుండా ఆపేది దాని లోతు, అంటే లోపలి అంచు నుంచి వెన్ను దాకా ఉండే వెడల్పు. మందం రెట్టింపు చేస్తే వంపును తట్టుకునే బలం రెట్టింపు అవుతుంది. లోతు రెట్టింపు చేస్తే నాలుగు రెట్లు అవుతుంది. అందుకే మంచి గ్రాపుల్ వేలు పిన్ను దగ్గర లోతుగా ఉండి కొసకు వచ్చేసరికి సన్నబడుతుంది. పైనుంచి కింది దాకా ఒకే వెడల్పులో పట్టీ వంచినట్టు చేసిన వేళ్లు చూస్తే ఆ షాపులో చేయించకండి.

ఇనుము మామూలు ఈ250 గ్రేడ్ ప్లేటు కాకుండా ఈ350 అడగండి. అదే మందంలో వంగడానికి 40 శాతం ఎక్కువ బలం కావాలి, అంటే బరువు పెంచకుండానే గట్టిదనం వస్తుంది. కొసలకు మాత్రం అరుగుదల తట్టుకునే 400 గ్రేడ్ ముక్క వెల్డ్ చేయించుకుంటే, అరిగినప్పుడు ఆ ముక్క ఒక్కటే మార్చుకోవచ్చు. మన ఎర్ర నేలల్లో గరుసు ఎక్కువ, కొస తొందరగానే అరుగుతుంది.

పగుళ్లు ఎక్కడ వస్తాయంటే, వేలు లోపలి వంపు దగ్గర. బలం కోసమని అక్కడ అడ్డంగా చతురస్రం ప్యాచ్ కొట్టి నాలుగు పక్కలా వెల్డ్ చేస్తారు. పగులు సరిగ్గా ఆ అడ్డ వెల్డ్ అంచున మొదలవుతుంది. ప్యాచ్ తప్పనిసరైతే దాని రెండు చివరలూ చేప తోక ఆకారంలో కోసి, వేలు పొడవునా మాత్రమే వెల్డ్ పడేలా చూడండి. గ్యాస్ కట్టింగ్ గాట్లు కూడా అలాగే వదలకుండా గ్రైండింగ్ చేయించాలి, గాటు ఉన్న చోటనే పగులు పుడుతుంది. వెల్డింగ్ రాడ్లు 7018 వాడమనండి. వానాకాలంలో తేమ పట్టిన రాడ్లను ఓవెన్‌లో 250 నుంచి 350 డిగ్రీల దాకా ఆరబెట్టి వాడాలి.

పిన్నులు 40 మి.మీ.కి తగ్గకుండా, ఈఎన్8 ఇనుముతో, పైపొర గట్టిపరిచినవి. మెత్తటి ఎంఎస్ రాడ్‌ను పిన్నుగా వేసి, బుష్ (పిన్ను చుట్టూ తొడిగే గొట్టం) లేకుండా నేరుగా ప్లేటు రంధ్రంలో తిప్పితే రంధ్రం కోడిగుడ్డులా సాగుతుంది, ఆ తర్వాత వేళ్లు ఒకదాని సందులోకి ఒకటి సరిగ్గా పోక ఒరుసుకుంటాయి. దాటిపోయే రకంలో ఇది అన్నిటికన్నా పెద్ద సమస్య, ఎందుకంటే వేలికీ వేలికీ మధ్య ఖాళీ తక్కువ.

ఒకే సిలిండర్‌తో చేసేటప్పుడు రెండు పక్కల వేళ్లను కలిపే టై రాడ్ ఉందో లేదో తప్పక చూడండి. అది లేకపోతే బరువు తక్కువ ఉన్న పక్క ముందు మూసుకుంటుంది, రెండో పక్క కదలదు. సిలిండర్ గొట్టం ఫ్రేము లోపల దాగి ఉండాలి, గ్రీజు నిపుల్స్ గుంటలో ఉండాలి. బయటికి ఉన్నవి మొదటి రోజే కర్ర తగిలి విరుగుతాయి.

హాలియా కట్టె డిపో:

అన్నలూ, చాల మంచిగ చెప్పిన్రు. మిషన్ చార్టు చూసిన. బకెట్ తీసేసి, 4 మీటర్ల దూరంల, లారీ పక్క గోడల ఎత్తుకు 700 కిలోలు ఎత్తుతది అని ఉంది. షాపాయన 0.35 చదరపు మీటర్ల నోరున్న గ్రాపుల్ చూపిస్తుండు, దాని బరువు 260 కిలోలు. రోటేటర్, దాన్ని చేతికి వేలాడదీసే లింకు కలిపి ఇంకో 60. పెద్దది తీసుకుంటే తక్కువ సార్లల్ల లారీ నిండుతది కదా? 0.22ది కూడ ఉంది, అది 150 కిలోలు. రోటేటర్ లేకుండ తీసుకుంటే బరువు, ఖర్చు తగ్గుతయి కదా అని కూడ ఒక ఆలోచన.

మిర్యాలగూడ ఆపరేటర్:

లెక్క వేద్దాం. గ్రాపుల్ నోటి వైశాల్యాన్ని కర్ర పొడవుతో గుణిస్తే కట్ట పరిమాణం వస్తది. దాంట్ల సందులు పోను అసలు కర్ర తిన్నగ ఉంటే 65 శాతం దాకా, వంకర కర్రలైతే సగమే ఉంటది. పచ్చి జామాయిల్, సుబాబుల్ ఘనమీటరుకు 950 కిలోలు పెట్టుకోండి.

0.35 గ్రాపుల్: 0.35 గుణించు 2.5 గుణించు 0.65 గుణించు 950, అంటే 540 కిలోలు. మీ 700ల నుంచి గ్రాపుల్, రోటేటర్, లింకు 320 పోతే మిగిలేది 380. అంటే నోరు నిండితే మిషన్ ఎత్తలేదు. ఎత్తలేనప్పుడు ఆపరేటర్ సగం కట్టనే పడతడు, సగం కట్ట జారుతది అని పైన చెప్పిన కదా. పెద్ద నోరు, సగం పట్టు, ఇదే అన్నిటికన్నా చెడ్డ కలయిక.

0.22 గ్రాపుల్: నిండితే 340 కిలోలు. 700ల నుంచి 210 పోతే మిగిలేది 490. నోరు నిండుగ పట్టినా ఇంకా 150 కిలోల వెసులుబాటు ఉంది, కుప్పల నుంచి కర్రను లాగేటప్పుడు, బూమ్ (మిషన్ వెనక చేయి) ఊగేటప్పుడు పడే అదనపు బరువుకు అది కావాలె. 10 టన్నుల లోడుకు 30 పట్లు. పట్టుకు నిమిషం, నిమిషంన్నర వేసుకున్నా 30 నుంచి 45 నిమిషాలు. 0.22 తీసుకోండి.

800 కిలోల వేప మొద్దును 4 మీటర్ల దూరంల ఈ చేయితో ఎత్తే ఆశ పెట్టుకోవద్దు. పట్టు సైజు ఇబ్బంది కాదు: 6 అడుగుల చుట్టుకొలతకు అడ్డం 58 సెంటీమీటర్లు, 0.22 వేళ్లు దాని నడుమ దాటి కిందికి పోతయి. బరువే ఇబ్బంది. అట్లాంటి మొద్దులను ముందు లోడర్ చేతులకు ఫోర్కులు, పైన అదిమి పట్టే క్లాంపు పెట్టి ఎత్తించండి. ముందు చేతులకు ఎత్తే బలం ఎక్కువ, మొద్దు మిషన్‌కు దగ్గరగ ఉంటది. వెనక గ్రాపుల్‌తో మొద్దును ఒక కొస లేపి సర్దడం, దొర్లించడం వరకే.

రోటేటర్ లేకుండ సంగతి. రోటేటర్ లేకుంటే కర్ర ఎప్పుడూ మీ చేతికి అడ్డంగనే ఉంటది. చేయిని 90 డిగ్రీలు తిప్పితే కర్ర కూడ 90 డిగ్రీలు తిరుగుతది. కాబట్టి కుప్ప, లారీ రెండూ మిషన్ చుట్టూ గీసిన గుండ్రం గీత మీద, ఆ గీత వెంబడి పెడితేనే పని నడుస్తది. డిపోల అట్ల పేర్చుకోవచ్చు. తోట గట్టు మీద, నరికిన కర్ర ఎటు పడితే అటు ఉన్న చోట కుదరదు. అప్పుడు ఎవరో ఒకరు తాడుతోనో, కర్రతోనో తిప్పడానికి వేలాడే కట్ట కిందికి పోతరు. రోటేటర్ ఖర్చు ఆ మనిషి కోసం పెట్టండి.

జడ్చర్ల హైడ్రాలిక్స్:

రోటేటర్ కొనేటప్పుడు రెండు రకాలని గుర్తుంచుకోండి. వేలాడే రకం లింకుకు వేలాడుతది, బూమ్ ఎట్లున్నా గ్రాపుల్ నిట్టనిలువుగ ఉంటది, కర్ర లోడింగ్‌కు ఇదే నయం. బకెట్ పిన్నులకు బిగించే గట్టి రకం గ్రాపుల్‌ను వంచడానికి, నొక్కడానికి పనికొస్తది కానీ బరువు ఎక్కువ, మీ 490 కిలోలల్ల అది కూడ పోతది.

వేలాడే రోటేటర్ మీద 3 టన్నులు, 4.5 టన్నులు అని రాసి ఉంటది. అది కిందికి వేలాడే బరువుకే. మూసిన గ్రాపుల్‌ను నేలకు ఆనించి బూమ్‌తో కిందికి అదమడం, కుప్పను పక్కకు తోయడం చేస్తే షాఫ్ట్ వంగుతది, పై సీలు పోయి ఆయిల్ కారుతది. లారీల పేర్చినంక కర్రను పైనుంచి గ్రాపుల్‌తో గుద్ది సర్దే అలవాటు చాలమంది ఆపరేటర్లకు ఉంటది, మొదటి రోజే మాన్పించండి. మీ లెక్కకు 3 టన్నులది చాలు గానీ, పక్క దెబ్బలు తట్టుకోవడానికి 4.5 టన్నులది ఎక్కువ కాలం వస్తది, బరువు తేడా చూసుకోండి. ఫ్లాంజ్ బోల్టులు 10.9 గ్రేడ్ వేసి, మొదటి పూట పని అయినంక మళ్లీ బిగించాలె.

లింకుల ఊపును ఆపే బ్రేకు పలకలు ఉన్నదే తీసుకోండి. లేకుంటే చేయి ఆపినంక కట్ట ఉయ్యాల ఊగుతనే ఉంటది, ప్రతి పట్టుకు నాలుగైదు సెకన్లు దండగ, దాంతోపాటు హోసులు రాసుకుంటయి.

హోసుల పొడవు గ్రాపుల్ పూర్తిగ ముందుకు, పూర్తిగ వెనక్కు ఊపి చూసి కోయించండి. రెండు వైర్ల అల్లిక హోస్, అరంగుళం, మీద గుడ్డ తొడుగు. పొట్టిగ ఉంటే ఫిట్టింగ్ మెడ దగ్గర తెగుతది, మరీ పొడుగైతే కర్రలల్ల చిక్కుకుంటది. ఎక్కడన్న ఆయిల్ చెమ్మ కనిపిస్తే చేత్తో తడమొద్దు. సూదంత రంధ్రం నుంచి వచ్చే ప్రెషర్ ఆయిల్ చర్మం లోపలికి పోతది, పైకి చిన్న చుక్కే కనిపిస్తది, లోపల కండ కుళ్లుతది. అట్ల తగిలితే వెంటనే ఆస్పత్రికి, ఆలస్యం చేయొద్దు. లీకు వెతకడానికి అట్ట ముక్క వాడండి.

కల్వకుర్తి సామిల్లు:

తోటల్లో పని కాబట్టి ఒక మాట కలుపుతున్నాను. బోరు మోటార్ల కోసం వేసిన 11 కేవీ లైన్లు చేల మీదుగానే పోతాయి, వేలాడి కిందికి దిగి ఉంటాయి. బూమ్, కర్ర కొస రెండింటి నుంచీ కనీసం 3 మీటర్లు దూరం ఉండాలి. కట్ట ఊగుతుంది, కర్ర గ్రాపుల్‌కు రెండు పక్కలా మీటరుకు పైగా పొడుచుకొచ్చి ఉంటుంది, కాబట్టి 5 మీటర్లు వదలండి. లైన్ కింద కుప్ప వేయించకపోవడమే అన్నిటికన్నా తేలిక. నరికించేటప్పుడే కూలీలకు చోటు చూపించండి.

నల్ల రేగడిలో జాకీల (మిషన్ను నేలకు ఆనించి నిలబెట్టే కాళ్లు) కింద చెక్క స్లీపర్లు వేయకుండా ఎత్తొద్దు. పైకి ఎండినట్టు కనిపించినా ఒక జాకీ జానెడు దిగితే చాలు, చేయి పక్కకు తిప్పినప్పుడు మిషన్ మొత్తం అటే ఒరుగుతుంది.

హాలియా కట్టె డిపో:

అందరికీ ధన్యవాదాలు. 0.22, దాటిపోయే రకం, వేలాడే రోటేటర్, సోలినాయిడ్ వాల్వు అని ఖాయం చేసుకున్న. ఫోర్కులు తర్వాత చూస్త. ఆఖరుగ ఒకటి: రోజూ ఏమేం చూసుకోవాలె? పొడుగు కర్రను ఎక్కడ పట్టాలె?

మిర్యాలగూడ ఆపరేటర్:

పొడుగు కర్రను సరిగ్గ నడుమ పట్టొద్దు. మొదలు లావు, కొస సన్నం కాబట్టి బరువు మొదలు వైపు ఉంటది. నడుమ నుంచి జానెడు, జానెడున్నర మొదలు వైపుకు జరిగి పట్టండి. ఒక అడుగు ఎత్తు లేపి చూడండి, ఒరిగితే దించి మళ్లీ పట్టండి. పైకి పోయినంక సర్దుకుంటదిలే అనుకోవద్దు. రెండున్నర మీటర్ల కట్టల మొదళ్లు, కొసలు అటొకటి ఇటొకటి కలిసి ఉంటే నడుమ పడితే సరిపోతది.

నల్లగొండ ఫ్యాబ్రికేషన్:

పని మొదలుపెట్టే ముందు అన్ని పిన్నులకూ గ్రీజు, పాత గ్రీజు అంచు నుంచి బయటికి వచ్చేదాకా. మధ్యాహ్నం లింకు పిన్నులకు మళ్లీ ఒకసారి, అన్నిటికన్నా ఎక్కువ అరిగేవి అవే. వారానికోసారి గ్రాపుల్‌ను నేల మీద ఆనించి, ఇంజిన్ ఆపి, ప్రెషర్ వదిలేసి, వేలును గడ్డపారతో పక్కకు కదిలించి చూడండి. బుష్‌లో 2 మి.మీ. ఆట వచ్చిందంటే బుష్ మార్చే సమయం. ఇంకా ఆగితే పిన్ను, ఆ తర్వాత ఫ్రేము రంధ్రం కూడా పోతాయి. వేళ్ల లోపలి వంపును కిరసనాయిల్‌తో తుడిచి, ఆరినంక సుద్ద పొడి రాయండి. పగులు ఉంటే అందులో దాగిన నూనె సుద్ద మీద గీతలా కనిపిస్తుంది. గీత కనిపిస్తే ఆ రోజు లోడింగ్ ఆపి, పగులును చివరిదాకా గాడి కోసి వెల్డ్ చేయించండి. పైపైన పూత వెల్డ్ వేస్తే లోపల పగులు నడుస్తూనే ఉంటుంది.